ఎడారి కథలూ, ఎండు నేలలూ

కథలకు కూడా ఋతువులున్నవి. ఒకప్పుడు పిల్లల కథలన్నీ అరణ్యాలలో సాగేవి; తరువాత సముద్రాల మీద, దీవులలో సాగినవి; ఇప్పుడు ఎడారి వంతు వచ్చినది. గత పది పన్నెండేళ్లుగా ఇంగ్లీషులో యువజనుల కోసం వెలువడుతున్న అద్భుత నవలలలో ఇసుక తిన్నెలు, ఖర్జూరపు తోపులు, శిథిలమైన కోటలు కనిపించడం మామూలయినది. వాటిలో పేరు తెచ్చుకొన్నది హఫ్సా ఫైజల్ అనే అమెరికన్ రచయిత్రి 2019లో ప్రకటించిన ‘ఉయ్ హంట్ ది ఫ్లేమ్’. దాని రెండవ భాగం 2021లో వచ్చినది. ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకొనే మన పిల్లల చేతులలోకి కూడా ఇట్టి పుస్తకాలు చేరుతున్నవి. కర్నూలు, కడప వంటి మెట్ట ప్రాంతాలలో పుట్టి పెరిగిన యువతీ యువకులకు ఇందులో ఏమి దొరుకుతుంది, ఏమి దొరకదు అన్నది ఆలోచింపదగిన విషయం.

కథ క్లుప్తంగా ఇది. అరావియా అనే కల్పిత రాజ్యంలో పూర్వం మాయాశక్తి ఉండేది. దానిని కాపాడిన ఆరుగురు అక్కచెల్లెళ్లు అంతర్ధానమయినారు. వారితో శక్తీ పోయినది. నాటి నుండి రాజ్యానికి శాపం తగిలినది. ఎండ కాయవలసిన డెమెన్‌హూర్ సీమ మంచులో కూరుకొనిపోయినది. అర్జ్ అనే చీకటి అడవి రోజురోజుకూ పెరిగి జనపదాలను మింగుతున్నది. ఆ అడవిలోకి పోయి తిరిగి రాగలిగినది జఫీరా అనే పడుచు ఒక్కతే. ఆమె మగవేషంలో వేటాడి తన ఊరివారి ఆకలి తీరుస్తున్నది. తండ్రి ఆజ్ఞకు లోబడి హత్యలు చేసే రాజకుమారుడు నాసిర్ మరొక ప్రధాన పాత్ర. పోయిన శక్తిని తిరిగి తేగల ఒక గ్రంథాన్ని వెతుకుతూ ఈ ఇద్దరూ, మరికొందరూ షర్ అనే శాపగ్రస్తమైన దీవికి చేరుతారు. తరువాతిదంతా సాహసం, అనుమానం, అనురాగం.

ఈ నవలలో మెచ్చవలసినది మొదటి భాగంలోనే ఉన్నది. జఫీరా వీరత్వం కత్తితో మొదలు కాలేదు, అన్నంతో మొదలయినది. ఆమె ఊరివారు కీర్తించే వేటగాడు తమ మధ్య తిరిగే ఆడపిల్ల అని వారికి తెలియదు. శక్తి పోవడానికి కారణం స్త్రీలే అని పాలకుడు చాటించిన సీమలో ఆమె బ్రతుకుతున్నది గనుక, చేసిన మేలును కూడా దాచుకొనవలసిన దుస్థితి. కష్టకాలంలో నింద ఎవరి మీద పడుతుందో రచయిత్రికి బాగా తెలుసు.

రాయలసీమ పాఠకునికి ఈ ఘట్టం పరాయిదిగా తోచదు. సీమలో వీరులంటే పాలెగాండ్రనే బయటివారు తలుస్తారు. కాని పందొమ్మిదవ శతాబ్దపు కరువులో వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని సైతం ఈ నేల పాటలు కట్టి పాడుకొన్నది. ఆకలి తీర్చినవాడు కూడా వీరుడే అన్న ఎరుక కరువు చూసిన ప్రజలకే లోతుగా ఉంటుంది. మారువేషం సంగతీ అంతే. వానలు రానప్పుడు విరాటపర్వం చదివించడం తెలుగునాట పాత ఆచారం. ఆ పర్వమంతా వేషం మాటున దాగిన శౌర్యం కథే గదా! ఎండిన నేల మీద కూర్చొని, దాగి ఉన్న బలం ఒకనాడు బయటపడుతుందని వినడంలో ఒక ఊరట ఉన్నది. జఫీరా కథ ఆ ఊరటను కొత్త తరానికి కొత్త మాటలలో ఇస్తున్నది.

ఇంకొక మేలు కూడా ఉన్నది. ఎండు నేలను చూసి జాలిపడడమే లోకానికి అలవాటు. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కుంపిణీకి అప్పగించిన తరువాత ఇది దత్తమండలమయినది; ఇచ్చివేసిన నేల అనే పేరే శతాబ్దానికి పైగా దీనికి మిగిలినది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు వచ్చినది. పేరు మారినంతనే వాన కురియలేదు. కాని తలెత్తుకొని చెప్పుకొనేందుకు ఒక మాట దొరికినది. కథలు చేసే పని కూడా ఇట్టిదే. ఎడారిలో కూడా అందం, ఆశ్చర్యం, పోరాడి నిలబెట్టుకొనదగిన బ్రతుకు ఉన్నవని ఒక నవల పదహారేళ్ల పిల్లకు చెప్పగలిగితే, దానిని తేలికగా తీసివేయరాదు.

అయినా పుస్తకం ముగించిన తరువాత ఒక వెలితి మిగులుతుంది. ఇందులో ఇసుక ఉన్నది, ఎండ ఉన్నది, దాహం కూడా అక్కడక్కడ ఉన్నది. దాహానికి లెక్క మాత్రం లేదు. నీరు ఎంత దూరాన ఉన్నది, ఎవరు మోసుకొని రావాలి, ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్న ప్రశ్నలు కథను నడిపించవు. ఇసుక ఒక తెర. దాని ముందు పాత్రలు అందంగా నడుస్తారు. ఊరివారికి తిండి పెట్టిన జఫీరా దీవికి బయలుదేరిన తరువాత ఆ ఊరివారి పొయ్యి మీద కుండ ఎక్కినదా లేదా అన్న ప్రశ్న దగ్గర కథ ఎంతోసేపు నిలువదు. ఆకలితో ప్రారంభమయిన కథ ఆకలిని మరచి పోవడమే ఈ నవలలోని పెద్ద లోపం.

మెట్ట ప్రాంతపు చదువరికి ఈ లోపం వెంటనే తట్టుతుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెలలో సుగ్గికి పోవడమంటే ఏమిటో పిల్లలకు తెలుసు. పంట పోయిన ఏడు ఇండ్లకు తాళాలు వేసి, గుంటూరు వైపు మిరప కోతకో, పత్తి తీతకో కుటుంబాలు కదిలిపోతవి. బడిలో పిల్లల వరుసలు పలుచబడుతవి. బోరు ఎన్ని వందల అడుగులు దిగితే తడి తగిలినదో, తగలక ఎంత అప్పు మిగిలినదో ఇంటి మాటలలోనే వింటూ పెరిగినవారు వీరు. అట్టివారికి కరువంటే దృశ్యం కాదు, లెక్క. ఆ లెక్క లేని ఎడారి ఎంత అందంగా ఉన్నా చిత్రపటంలోని ఎడారే.

అద్భుత కథలో ఇంత లెక్క ఎట్లా పొసగుతుందని సందేహం కలుగవచ్చు. పొసగుతుందని ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లోనే ‘డ్యూన్’ నవలతో నిరూపించినాడు. దాని కథానాయకుడు కూడా ఆరంభంలో పదిహేనేళ్ల కుర్రవాడే. అరాకిస్ అనే ఎడారి గ్రహంలో మనుష్యులు తొడిగే బట్టలు వారి చెమటను, ఊపిరిలోని తేమను పట్టి మరల తాగేందుకు ఇస్తవి. చనిపోయినవాని దేహంలోని నీరు అతని జాతికి చెందుతుంది. ఉమ్మడం అక్కడ అవమానం కాదు. తన నీటిని ఎదుటివానికి ఇచ్చిన గౌరవం. ఇవన్నీ కల్పనలే. అయినా నీటి విలువ తెలిసిన కల్పనలు. అమెరికాలోని ఒరెగాన్ తీరంలో కదిలే ఇసుక తిన్నెలను గడ్డి నాటి ఆపే ప్రయత్నాన్ని చూడడం నుండి హెర్బర్ట్‌కు ఆ నవల ఊహ పుట్టినది. కంటితో చూసిన నేల మీద కాలు మోపి ఎగిరినందువలననే ఆ ఊహ అంత దూరం పోగలిగినది.

రెండవ అసంతృప్తి ఇంకా లోతైనది. ఈ నవలలో నేల దుఃఖమంతా ఒక శాపం వలన కలిగినది. ఒక గ్రంథం దొరికితే తీరుతుంది. మన నేల కథ అట్లా లేదు. నైరుతి ఋతుపవనాలకు పడమటి కనుమలు అడ్డు నిలువగా, వాటి వెనుక పడిన సీమ ఇది. ఈ నేలకు శాపం లేదు గనుక శాపవిమోచనమూ లేదు. మరి ఉన్నదేమిటి? చిత్రమేమంటే, ఇక్కడ కూడా ఒక గ్రంథమే ఉన్నది. అది రాతి మీద ఉన్నది.

కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో చెరువు కట్టించి శాసనం వేయించినాడు. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పబడినవి. జలశాస్త్రం ఎరిగినవాడు కావాలి, గట్టి నేల కావాలి, తియ్యని నీటి ఏరు కావాలి, రెండు కొండల నడుమ గట్టి రాతికట్ట కావాలి, పని తెలిసిన జనం కావాలి. కట్ట కారరాదు, నేల చవిటిది కారాదు, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండరాదు, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కారాదు. రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేళ్లలో కట్ట పూర్తయినదని కూడా శాసనం చెబుతున్నది. జఫీరా వెతికిన గ్రంథం కంటే ఇది తక్కువ అద్భుతమా? నీటిని తిరిగి తెచ్చే మంత్రం ఇందులోనూ ఉన్నది. ఆ మంత్రం పేరు వేయిమంది శ్రమ. ఒక వీరుడో వీరురాలో గ్రంథం తెచ్చి లోకాన్ని ఉద్ధరించే కథ చదివిన పిల్లలకు, చెరువును ఊరంతా కలసి కాపాడుకొనవలసినదని చెప్పే కథ కూడా ఒకటి కావాలి.

ఈ విమర్శను పరాయి రచయిత్రి మీద పెట్టి ఊరుకొనడం న్యాయం కాదు. ఆమె తాను వ్రాయదలచినది వ్రాసినది. తెలుగు రచయితలు ఈ పిల్లలకు ఏమి ఇచ్చినారు?

పిల్లలకు అద్భుతాన్ని నెలనెలా పంచిన ‘చందమామ’ను 1947 జూలైలో చక్రపాణితో కలసి ప్రారంభించిన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవారే. అందులో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టిన ధారావాహికలు కొన్ని తరాలను నిద్రపోనీయలేదు. అయితే వాటి పేర్లు చూడండి: మకరదేవత, జ్వాలాద్వీపం, మాయాసరోవరం. మొసలి, దీవి, సరోవరం! ఆ ఊహలోకంలో నీటికి కొదువ లేదు. కడప బిడ్డ నెలకొల్పిన పత్రికలోనైనా మెట్టపొలానికి ఒక మాంత్రికుడు దొరకకపోవడం ఆలోచించవలసిన సంగతి.

రాయలసీమ కథాసాహిత్యం మరొక దారి పట్టినది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ మొదలుకొని కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణల కథల వరకు కరువును, అప్పును, కక్షలను ఉన్నవి ఉన్నట్లు చూపిన రచనలు అవి. ఆ సత్యనిష్ఠ తెలుగు సాహిత్యానికే గౌరవం తెచ్చినది. కాని వాటిలో ఎక్కువ భాగం పెద్దవారి దుఃఖాన్ని పెద్దవారికి చెప్పేవి. పదహారేళ్ల పిల్ల వాటిని చదివి తన నేలను అర్థం చేసుకొనగలదు. ఆ నేల మీద తన రేపటిని ఊహించుకొనడానికి మాత్రం అవి అంతగా తోడురావు. ఒక వైపు లెక్క లేని అద్భుతం, మరొక వైపు అద్భుతం లేని లెక్క. సీమ పిల్లలు ఈ రెంటి మధ్య నిలిచి ఉన్నారు.

రెండూ కలసిన చోటు అసలే లేదని కాదు. కడప జిల్లాకు చెందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందినది. 2021లో చలనచిత్రంగా కూడా వచ్చినది. కరువు వలన గడ్డి, నీరు కరవై గొర్రెల మందలను నల్లమల మీదికి తోలుకొనిపోయే కాపరుల కథ అది. చదువుకొని ఉద్యోగం దొరకక తిరిగివచ్చిన యువకుడొకడు వారి వెంట నడిచి, పులి తిరిగే అడవిలో తన పిరికితనాన్ని పోగొట్టుకొంటాడు. ఇందులో మాయలు లేవు. అయినా భయం, ప్రయాణం, పరీక్ష, మారిన మనిషిగా తిరిగిరావడం అన్నీ ఉన్నవి. వీటితోపాటు మందకు ఈ పూట నీరెక్కడ అన్న ప్రశ్న ప్రతి అడుగులోనూ ఉన్నది. యువజనుల నవలకు మన నేల మీదనే పునాది ఉన్నదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

పూర్తి అద్భుత కథ కావాలన్నా సామగ్రికి లోటు లేదు. ఎండిన పొలాల కింద మూడు కిలోమీటర్లకు మించి సాగిన బెలుం గుహలలో పాతాళగంగ పారుతున్నది. యాగంటి బసవన్న నానాటికీ పెరుగుతున్నాడనీ, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడనీ జనం నమ్ముతున్నారు. బనగానపల్లె వద్ద రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మం కాలజ్ఞానం వ్రాసినాడని చెప్పుకొంటారు. జొన్నగిరి, తుగ్గలి పొలాలలో తొలకరి పడగానే జనం గుంపులుగా చేరి వజ్రాల కోసం నేల వెతుకుతారు. వాన రాగానే రైతు విత్తనం చేత పట్టే చోటనే మరొకడు రత్నం కోసం వంగడం కంటే గొప్ప కథావస్తువు ఏ ఎడారిలో దొరుకుతుంది?

అద్భుత కథలు పిల్లలను పనికిమాలినవారిని చేస్తవని భయపడే పెద్దలు ఎప్పుడూ ఉన్నారు. కరువు సీమలో మాయల కథలెందుకని వారి ప్రశ్న. కరువు సీమవారు వాన కోసం విరాటపర్వం చదివించుకొన్నారన్న సంగతే దానికి సమాధానం. ఆ చదువు వలన మేఘం వచ్చినదో లేదో గాని, వచ్చేదాకా ఊరు ఒకచోట కూర్చొని ఎదురుచూడగలిగినది.

కనుక ‘ఉయ్ హంట్ ది ఫ్లేమ్’ వంటి పుస్తకాన్ని పిల్లల చేతిలో నుండి లాగివేయనక్కరలేదు. చదవనీయాలి. చదివిన తరువాత జఫీరా ఊరికి నీరు ఎక్కడి నుండి వచ్చినదని ఒక్క ప్రశ్న అడగాలి. పోరుమామిళ్ల చెరువు కట్ట మీదికి ఒకసారి తీసుకొనిపోయి ఆ శాసనం సంగతి చెప్పాలి. కళాశాలల తెలుగు శాఖలు, గ్రంథాలయాలు, బహుమతులిచ్చే సంస్థలు యువజనుల అద్భుత నవలను పిల్లకాయల వ్యవహారమని చిన్నచూపు చూడడం మానాలి. బిందె బరువు తెలిసిన చేయి అద్భుత కథ వ్రాసిననాడు, ఆ కథలోని ఎడారిని మెట్ట సీమ పిల్లలు తమదిగా గుర్తుపడతారు.