జబ్బుకు పేరు వచ్చేదాకా

మన పత్రిక సంపాదకీయాల్లో వరకట్నం గురించి, సారా గురించి, బీడీ కూలి రేట్ల గురించి, పోడు భూముల గురించి రాస్తూ వచ్చాం. ఈసారి నా కుడికాలి గురించి రాస్తున్నాను. ఇదేం విషయమని మీరు అనుకోవచ్చు. ఆరు నెలలుగా ఈ కాలు నన్ను ఏయే గుమ్మాల ముందు నిలబెట్టిందో, ఎవరెవరి పక్కన కూర్చోబెట్టిందో చూశాక ఇది నా ఒక్కదాని గోడు కాదని అర్థమైంది. అందుకే రాస్తున్నాను.

పోయిన పుష్యమాసంలో మిత్రులతో కలిసి కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లాను. నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయింది. వెనక వస్తున్నామె "అక్కా, నీ చెప్పు ఈడనే ఉన్నది" అని తెచ్చి ఇచ్చేదాకా నాకు తెలియలేదు. అందరం నవ్వుకున్నాం. కరీంనగర్ తిరిగొచ్చాక మా ఆఫీసు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. మరో నెలకు బస్సు మెట్టు మీద కాలు పెట్టాలంటే రెండు చేతులతో మోకాలు ఎత్తుకోవలసి వచ్చింది. నొప్పి లేదు. వాపు లేదు. కాలు మాత్రం నా మాట వినడం లేదు.

ప్రతివాళ్ల దగ్గరా ఒక కారణం ఉంది. ముట్లుడిగే వయసు కదా అన్నారు. తిరుగుడు ఎక్కువైంది, ఇంటిపట్టున ఉంటే అదే తగ్గుతుందన్నారు. గాలి సోకింది, తాయెత్తు కట్టించుకొమ్మన్నారు. ఒక డాక్టరు నన్ను నడిపించి చూడకుండానే "నరాల బలహీనత" అని పది సూదులు రాశాడు. మన దగ్గర ఈ నరాల బలహీనత అనే మాటకు అంతు లేదు. గోడల మీద మగవాళ్ల కోసం రాసే ప్రకటనల్లోనూ అదే, ఆడవాళ్ల కాళ్లు పడిపోతున్నా అదే. మరో డాక్టరు నా పక్కన కూర్చున్న మా తమ్ముడితో మాట్లాడాడు. "టెన్షన్ పెట్టుకోవద్దని చెప్పండి" అన్నాడు. కాలు నాది, ఫీజు ఇచ్చింది నేను. వందల మంది స్త్రీలకు హక్కుల గురించి క్లాసులు చెప్పిన నేను ఆ గదిలో నోరెత్తలేదు. ఏ పేరు చెబుతాడోనన్న భయం నా నోరు కట్టేసింది.

చివరికి హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రికి చేరాను. ఎమ్మారై తీశారు. కాలికి చిన్న చిన్న కరెంటు షాకులిచ్చి నరాలు ఎంత వేగంగా పనిచేస్తున్నాయో చూశారు. వెన్నులోంచి నీరు తీశారు. ఆ పరీక్ష చేస్తే కాళ్లు శాశ్వతంగా పడిపోతాయని మా చుట్టాలంతా భయపెట్టారు. అది అపోహ. నడుము కిందిభాగంలో, వెన్నుపాము ముగిసిపోయిన చోట సూది వేస్తారు. నాకు రెండు రోజులు తలనొప్పి వచ్చింది, అంతే. ఇప్పుడు రిపోర్టుల కోసం ఎదురుచూస్తున్నాను. రాత్రిపూట కాలి కండరం దానంతటదే అదురుతుంటే లేచి కూర్చుని లెక్కపెడుతుంటాను. రేపు ఎవరు నన్ను స్నానాలగదికి తీసుకుపోతారు, ఈ పత్రిక ఎవరు చూస్తారు అని ఆలోచిస్తుంటాను.

ఆ ఆసుపత్రి వరండాలో నా పక్కన నిర్మల్ దిక్కు నుంచి వచ్చిన బీడీ కార్మికురాలు ఒకామె కూర్చుంది. ఎడమ పాదం వాలిపోయింది, ఈడ్చుకుంటూ నడుస్తోంది. "రెండేండ్లాయె బిడ్డా. మాటిమాటికి పడుతున్న. ఇంట్ల నమ్ముతలేరు. పని ఎగ్గొట్టెతందుకు నాటకాలాడుతున్నవంటరు" అంది. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంటే చీకటి పడేదాకా అదే కూర్చోవడం. మోకాలి బయటివైపు ఎముక మీదుగా, చర్మం కిందనే పోయే నరం ఒకటుంది. గంటల తరబడి కాళ్లు మడిచి కూర్చున్నా, కలుపు తీస్తూ గొంతుక్కూర్చున్నా అది నలిగి పాదం వాలిపోవచ్చునని వైద్యశాస్త్రానికి ఎప్పటినుంచో తెలుసు. మొదట్లోనే పట్టుకుంటే చాలామందికి తిరిగి వస్తుంది. ఈమెకూ అదేనా, మరొకటా అన్నది పరీక్షలే చెప్పాలి. కానీ ఆ పరీక్షల గడప దాకా రావడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది.

ఇంకో బెంచీ మీద ఆసిఫాబాద్ అడవి పల్లె నుంచి వచ్చిన గోండు స్త్రీ. ఆమెకు గోండి తప్ప రాదు. కొడుకు చెప్పిందే ఆమె బాధ, కొడుక్కు అర్థమైందే డాక్టరు మాట. మూత్రం సరిగా పోవడం లేదన్న సంగతి కొడుకుతో ఎట్లా చెబుతుంది? నర్సు ఒకామె సైగలతో అడిగితే అప్పుడు బయటపడింది. వెన్నుపాము జబ్బుల్లో డాక్టరు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అది.

కాళ్ల బలహీనత ఒక జబ్బు కాదు, వంద జబ్బుల గుర్తు. బి12 విటమిన్ లోపమైతే చవకైన సూదులతో ఆపవచ్చు. వెన్నెముక క్షయ అయితే ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులున్నాయి. కుష్ఠు వల్ల నరం దెబ్బతిన్నా మందులు ఉచితమే. కాన్పు మీద కాన్పుతో, ఎండ తగలని బతుకుతో ఎముకలు మెత్తబడి పీట మీంచి లేవలేకపోతుంటే దానికీ చికిత్స ఉంది. ఫ్లోరైడు నీళ్లు కాళ్లను ఏం చేస్తాయో నల్లగొండ మనకు చూపించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ వస్తుంది. అది వచ్చి పోతుంటుంది కాబట్టి నటన అనిపించుకుంటుంది. నయం కాని జబ్బులూ ఉన్నాయి. వీటిలో చాలావాటికి కాలమే మందు. ఆలస్యమయ్యే కొద్దీ పోయిన బలం తిరిగి రాదు. ఆడదాని మాట నమ్మకపోవడం వల్ల పోయేది సరిగ్గా ఆ కాలమే.

చట్టం ఏం చెబుతోంది? 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన కొత్త చట్టం వాటిని 21కి పెంచింది. మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, దీర్ఘకాలిక నరాల జబ్బులు, ఆదిలాబాద్ ఆదివాసీలను పీడిస్తున్న సికిల్ సెల్ కూడా అందులో ఉన్నాయి. వికలాంగులకు దగ్గరలోనే, ముఖ్యంగా పల్లెల్లో, ప్రభుత్వం నిర్ణయించిన ఆదాయ పరిమితికి లోబడి ఉచిత వైద్యం అందించాలని 25వ సెక్షన్ చెబుతోంది. మన రాష్ట్రంలో 2014లో ఆసరా పేరుతో మొదలైన వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైంది. అయితే వీటన్నిటికీ తలుపు ఒకటే, వైకల్య ధ్రువపత్రంలో వేసే శాతం. 40 శాతం ఉంటే లోపలికి, లేకుంటే బయటికి. జబ్బుకు ఇంకా పేరే రాని మనిషికి శాతం ఎవరు వేస్తారు? పరిస్థితి మారే అవకాశం ఉన్నవాళ్లకు గడువుతో తాత్కాలిక ధ్రువపత్రం ఇచ్చే వీలు నియమాల్లో ఉంది. అడిగేవాళ్లు లేరు. బీడీ కార్మికుల సంక్షేమం కోసం 1976 చట్టంతో ఏర్పడిన నిధికి ఆధారమైన సెస్సును జీఎస్టీ వచ్చినప్పుడు, 2017లో ఎత్తేశారు. బీడీలు చుట్టిన కాళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి.

ఇక ఇల్లు. కాళ్లు పడిపోయిన భార్యను పుట్టింట్లో దింపి పోవడం మనం చూస్తున్నదే. 2005 గృహహింస చట్టం కింద ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కుంది, హింసకు గురైతే వైద్య ఖర్చులు కోరే హక్కూ ఉంది. ఆసుపత్రిలో భర్త సంతకం లేనిదే పరీక్ష చేయమంటే ఒప్పుకోనక్కర్లేదు. అత్యవసరం కానప్పుడు, సొంతంగా నిర్ణయించుకోగల వయోజన స్త్రీ తరఫున కన్నతల్లి ఇచ్చిన సమ్మతి కూడా చెల్లదని సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆసుపత్రిలో చేరినవాళ్ల రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. మన కాగితాలు మన దగ్గర ఉండాలి. పాత రిపోర్టులు ఇంట్లో పారేసినందువల్ల అదే పరీక్ష మూడుసార్లు చేయించుకున్న స్త్రీలను ఆ వరండాలోనే చూశాను.

కార్యకర్తలు గుర్తు పెట్టుకోవలసినవి కొన్ని. బలహీనత పాదాల నుంచి గంటల్లో, రోజుల్లో పైకి పాకుతుంటే, మూత్రం ఆగిపోతే, తొడల మధ్య స్పర్శ పోతే, మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. 2025 జనవరిలో పూణేలో చాలామందికి సోకిన గులియన్ బారే జబ్బు ఇట్లాగే మొదలవుతుంది. ఉన్నట్టుండి ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోతే పసరు మందుకు పోవద్దు. రక్తపు గడ్డ కరిగించే సూదికి నాలుగున్నర గంటలే గడువు. ఇవేవీ లేకుండా నెమ్మదిగా వచ్చే బలహీనతైతే ఏ తేదీన ఏ పని చేయలేకపోయిందో రాసి పెట్టండి. పీట మీంచి లేవలేకపోవడం, చెప్పు జారడం, బిందె ఎత్తలేకపోవడం, అన్నీ. ఆ కాగితం డాక్టరు ముందు పెడితే "టెన్షన్" అని తోసెయ్యడం కష్టమవుతుంది.

మన రెండు పాత జిల్లాల్లో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు చాలానే ఉన్నాయి. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ ఒక్కటే. 2022, 2023లలో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్లల్లో వచ్చాయి. వాటిలో నరాల వైద్యులు ఏయే రోజుల్లో ఉంటారో బోర్డు మీద రాయమని అడుగుదాం. నరాల పరీక్ష యంత్రం, ఫిజియోథెరపీ, గోండి, కొలామీ మాట్లాడే ఒక స్త్రీ సహాయకురాలు ఉండాలని అడుగుదాం. ఇవి దొరికితే ఆదిలాబాద్ స్త్రీ మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌కో, లేకుంటే నాగపూర్‌కో పరుగెత్తవలసిన అవసరం తగ్గుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. కానీ బస్సు మెట్టు ఎక్కలేని మనిషికి టికెట్టు ఒక్కటే అడ్డంకి కాదు. చెయ్యి పట్టుకుని ఎక్కించే తోడు కావాలి, లోపల డాక్టరుతో ఆమె తరఫున కాకుండా ఆమెతో కలిసి మాట్లాడే తోడు కావాలి. ప్రతి సంఘమూ నెలకు ఒక్క స్త్రీకి ఇట్లా తోడు వెళ్లగలదు.

వచ్చే మంగళవారం నా రిపోర్టులు చెబుతారు. ఈసారి తమ్ముణ్ణి బయట కూర్చోమన్నాను. సంఘం నుంచి ఒక చెల్లెలు నాతో లోపలికి వస్తోంది. అడగవలసిన ప్రశ్నలు చీటీ మీద రాసుకున్నాను, ఎనిమిదయ్యాయి. నిర్మల్ అక్కకూ అదే రోజు ఇచ్చారు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుంటామని మాట ఇచ్చుకున్నాం. ఏ పేరు చెప్పినా, మీ ఊళ్లో పేరు రాని జబ్బుతో గోడ పట్టుకుని నడుస్తున్న స్త్రీల గురించి మాకు రాయండి. వచ్చే సంచికలో పేజీలు వాళ్లవి.

- సంపాదకురాలు