రోల్ కవర్లు మానేద్దాం

న్యూ సౌత్ వేల్స్‌లో 2022 జూన్ 1 నుంచి పల్చటి చేతి కవర్లు బంద్. కూరగాయల రోల్ కవర్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. చట్టం వదిలేసిందని మనమూ వదిలేయాలా? బెండకాయలకొకటి, దొండకాయలకొకటి, నాలుగు పచ్చిమిర్చికి ఇంకొకటి! అవి పసుపు మూత డబ్బాలో వేయకూడదు. ఎర్ర మూత డబ్బాలో పడితే చెత్తదిబ్బకే.

"పనికి పోయొచ్చాక కుట్టే ఓపికెక్కడిది?" అంటారు. పాత చున్నీ ముక్క మడిచి, రెండు పక్కలా కుట్టి, మూతికి నాడా ఎక్కిస్తే చాలు. పల్చటి బట్టయితే లోపలేముందో కౌంటర్‌లో కనబడుతుంది, తూకమూ పెద్దగా పెరగదు.

ఊళ్లో రైతుబజారుకు సంచి లేకుండా వెళ్లామా? విమానం ఎక్కగానే ఆ అలవాటు ఎందుకు పోయింది? కొత్త సంచులు కొనొద్దు. ఈ ఆదివారం ఐదు కుట్టండి, కారులో పెట్టుకోండి.