డూప్లికేట్ మాల్ ఒకడిది.. మాట పడేది ఇంకొకడు

వినాయక నవరాత్రుల మూడో రోజు రాత్రి మా ఊరి మండపం కాడ మైకు బందయింది. ఆంప్లిఫయర్ల నుంచి పొగొచ్చింది. నాలుగు దినాల కింద దాన్ని బాగు చేసి ఇచ్చింది నేనే. పోరగాళ్లందరు నా దిక్కే చూసిన్రు. "అన్నా, నువ్వు చేసినవనే భరోసతోని తెచ్చినం గదనే" అన్నడు ఒకడు. ఆ మాట ఇంకా చెవుల్లనే ఉన్నది.

తెల్లారి ఇప్పి చూసిన. నేను కొత్తగ ఏసిన 5200, 1943 ట్రాన్సిస్టర్లు షార్టయినయి. మీద పెద్ద కంపెనీ పేరున్నది. ఒకదాన్ని పట్కారుతోని పలగ్గొట్టిన. పాత బోర్డు మీది అసలు దాన్ని గూడ పలగ్గొట్టి పక్కన పెట్టిన. బయటికి రెండు కవల పిల్లల లెక్కనే ఉన్నయి. లోపట చూస్తే, నేను కొన్న దాంట్ల సిలికాన్ ముక్క అసలు దాంట్ల సగం గూడ లేదు. అసలు 5200 అంటే 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్లు. చిన్న ట్రాన్సిస్టరుకు పెద్ద అంగి తొడిగి అమ్మిన్రన్నట్టు.

మరి ఏసే ముందు మీటరు పెట్టి చూడలేదా అంటరు. చూసిన. మంచిగనే చూపెట్టింది. అది గూడ ట్రాన్సిస్టరే గదా! ఊకె ఉన్నప్పుడు అన్నీ మంచిగనే ఉంటయి. లోడ్ పడ్డంకనే అసలు రంగు బయటపడ్తది.

ఫోన్ల చూసి సగం ధరకే తెప్పిచ్చుకున్న. బిల్లు లేదు. అమ్మినోనికి ఫోన్ చేస్తే "నేను మంచియే ఇచ్చిన, నువ్వే కాలబెట్టుకున్నవ్" అన్నడు. మల్ల చేస్తే ఎత్తలేదు.

గిది నా ఒక్కని గోస గాదు. 2011ల అమెరికా సెనేట్ కమిటీ వాళ్ల సైన్యానికి పోయే సామాన్ మీద విచారణ చేసింది. 2009, 2010 రెండేండ్లల్లనే నకిలీ అని అనుమానం ఉన్న కేసులు దగ్గర దగ్గర 1,800 తేలినయి. ముక్కల లెక్క 10 లక్షలు దాటింది. ఎక్కువ మాల్ చైనా దిక్కు నుంచి వచ్చిందన్నరు. పారేసిన కంప్యూటర్ల బోర్డులను వేడి చేసి చిప్పులు ఊడబీకుడు, కడుగుడు, మీదున్న పేరు గీకేసి నల్ల పూత పూసుడు, కొత్త పేరు కొట్టుడు. గిదే వాళ్ల పని.

అప్పుడు అమెరికా ఏం చేసింది? అదే ఏడాది ఆఖరుకు చట్టం తెచ్చింది. నకిలీ సామాన్ తేలితే మార్చే ఖర్చు కాంట్రాక్టరే పెట్టుకోవాలన్నది. అంటే నష్టాన్ని పైకి తోలింది. మన కాడ నష్టం కిందికి జారుతది. పెద్ద డీలరు నుంచి చిన్న దుకాణం, చిన్న దుకాణం నుంచి మెకానిక్కు, మెకానిక్కు నుంచి రైతు. ఎవని చేతుల ఆఖరికి పొగొచ్చిందో వాడే దోషి.

మన కాడ చట్టం లేదా? ఉన్నది. దొంగ పేరు కొట్టి అమ్మితే ట్రేడ్ మార్క్స్ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేండ్ల దాకా జైలు. చార్జర్లు, పవర్ బ్యాంకుల అసొంటి వాటికి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాని మీది ఆర్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌ల కొట్టి చూస్కోవచ్చు. గానీ గా చార్జర్ను బాగు చెయ్యనీకి మనం కొనే విడి ట్రాన్సిస్టరుకు గసొంటి నంబరు ఉండదు. గీ సందులకెళ్లే దొంగ మాల్ దూరుతున్నది.

"ఒరిజినలే కొను" అనుడు అల్కగనే ఉంటది. అధికారిక డీలరు కాడ నాలుగు ముక్కలు కొంటే కొరియర్ ఖర్చే సామాన్ కంటె ఎక్కువైతది. పండుగ రేపున్నదంటే పార్సిల్ వచ్చేదాక ఎవడు ఆగుతడు? మెకానిక్కు ఆశపోతు అయి అగ్గువది కొంటలేడు. అవసరం కొనిపిస్తున్నది.

గందుకే నేను ఇప్పుడు చేస్తున్న పని చెప్త. మా చుట్టుపక్కల ఊర్ల మెకానిక్కులం కలిసి నెలకోసారి ఒక్కటే ఆర్డర్ పెడ్తున్నం. కొరియర్ ఖర్చు పంచుకుంటున్నం. పక్కా బిల్లు వస్తున్నది. బిల్లు ఉంటే 1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్ల ఫిర్యాదు పెట్టనీకి మన చేతుల ఒక ఆధారం ఉంటది.

తప్పక బయట కొనవడితే ఒక్క ముక్కే ముందు కొను. తూకం చూడు, కొలతలు డేటాషీటుతోని పోల్చు. పవర్ ట్రాన్సిస్టరైతే ఒకదాన్ని పలగ్గొట్టి లోపట చూడు. ఐసీ మీద దూదితోని అసిటోన్ రుద్దు. నల్ల రంగు దూదికంటితే దొంగదే. అంటకున్నా పూర్తిగ నమ్మకు, కొన్ని పూతలు అసిటోన్‌కు గూడ పోవు. పెద్ద కెపాసిటర్‌ను మీటర్ల కొలువు, లోపట చిన్న డబ్బా పెట్టి అమ్మేటోళ్లు ఉన్నరు. 18650 లిథియం సెల్లు మీద 9,900 ఎంఏహెచ్ అని ఉంటే కండ్లు మూస్కొని పక్కన పెట్టు. మంచి కంపెనీల సెల్లే మామూలుగ 3,500 చుట్టుపక్కల ఉంటది, 45 గ్రాములకు పైన తూగుతది. బాగు చేసినంక మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బల్బు పెట్టు. నకిలీని పట్టియ్యకపోవచ్చు గానీ బోర్డును కాపాడ్తది.

సర్కారు చెయ్యాల్సింది ఒకటున్నది. ఆన్‌లైన్ల దొంగ మాల్ అమ్మినోడు దొరకకపోతే, వానికి అంగడి పెట్టిచ్చి కమీషన్ తినే కంపెనీ జిమ్మెదారి తీస్కునేటట్టు చెయ్యాలె. అమెరికా సైన్యానికి దొరికిన భరోస మా ఊరి మైకుకు గూడ దొరకాలె.

ఆ ఆంప్లిఫయర్ను నా పైసలతోనే మల్ల బాగు చేసిచ్చిన. పలగ్గొట్టిన రెండు ముక్కలను పోరగాళ్లకు పక్కపక్కన పెట్టి చూపెట్టిన. ఇప్పటికీ అవి నా టేబుల్ మీదనే ఉన్నయి. "గింత పిరం ఎందుకు?" అని ఎవలన్న అడిగితే, ఏం మాట్లాడకుండ ఆ రెండిటిని ముందట పెడ్త.