ఫోను తండ్రి జేబులో, పాఠం పుస్తకంలో

మేడ్చల్, శామీర్‌పేట: ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం కుదరాలని 2022 ఆగస్టు 15న రాష్ట్రంలో ‘తొలిమెట్టు’ మొదలైంది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లూ వచ్చాయి. వాటిపై ఫోను పెడితే పాఠం కనిపిస్తుంది, వినిపిస్తుంది. బాగానే ఉంది. అయితే ఆ ఫోను ఎక్కడుంది? తండ్రి జేబులో, పారిశ్రామికవాడలో. ఆయన రాత్రి ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోతుంది. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు సాగినప్పుడూ టీవీ లేని ఇళ్లకు అవి అందలేదు.

పెద్దగా ఖర్చు లేని పని ఒకటుంది. శామీర్‌పేట చెరువు మత్తడి ఎప్పుడు దూకిందో, కట్ట కింద ఏమేమి పండేవో పిల్లలు తాతలను, అమ్మమ్మలను అడిగి రావాలి. ఆ మాటలను ఉపాధ్యాయుని ఫోనులో రికార్డు చేసి, బడిలో మళ్లీ విని, తమ చేతులతో రాయాలి. రాసింది అందరి ముందు పైకి చదవాలి. బీహారు, ఒడిశాల నుంచి వచ్చిన కార్మికుల పిల్లలకు తూము, మత్తడి వంటి మాటలు అలవడేదీ ఇలాగే.

వారానికి ఒక్క పీరియడు ఇందుకు కేటాయించే స్వేచ్ఛ ప్రధానోపాధ్యాయులకు ఇవ్వాలి. సిలబసు వెనుకబడిందని తనిఖీకి వచ్చినవారు వారిని నిలదీయరాదు.