మైలవరం ఒకటే, ఫైళ్లు రెండు

నూజివీడు మామిడి లెక్కలకో, పక్కనున్న మైలవరం రైతుల జాబితాకో తెలుగులో ఫైలు పేరు పెడితే ‘ఎందుకొచ్చిన గొడవ, ఇంగ్లిషులో పెట్టండి’ అంటారు. గొడవ ఉన్నమాట నిజమే. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వంగా, కింది గుర్తుగా విడదీసీ రాయొచ్చు. తెరమీద రెండూ ‘మైలవరం’గానే కనిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు పేర్లు. ఆపిల్ పాత ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసి దాచేది. లినక్స్ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుతుంది. ఫ్రెంచి అక్షరాలకూ ఇదే తిప్పలు. కాబట్టి ఫైళ్లు తెరిచే ఎడిటర్ ప్రోగ్రామ్ పేర్లను వెతికేటప్పుడు రెండింటినీ ఒకే రూపంలోకి తెచ్చి పోల్చాలి, డిస్కు మీది అసలు పేరు జోలికి మాత్రం పోకూడదు. అందుకు కావలసిన నియమాలు యూనికోడ్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి.

ఇంగ్లిషుకు మారితే తీరుతుందా? నూజివీడునే ఇంగ్లిషులో మూడు రకాల స్పెల్లింగులతో రాస్తున్నాం, వాటిని కలిపే ప్రమాణమే లేదు! తెలుగు పేర్లు చోటు ఎక్కువ తింటాయన్నదీ నిజమే: ఒక్కో సంకేతానికి 3 బైట్లు. అయినా లినక్స్ ఇచ్చే 255 బైట్లలో గుణింతాలతో కలిపి 85 సంకేతాలు పడతాయి. మామిడి లెక్కకు అంతకంటే పొడుగు పేరెందుకు?