తుంటికీలు మార్పించిన పిదప

అరిగిన తుంటికీలును దీసి కృత్రిమమైన కీలు నమర్చు శస్త్రచికిత్సకు, 1962వ సంవత్సరమున ఇంగ్లండునందలి రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ ఛార్న్లీ యను వైద్యుఁడు నేటి రూపము నొసంగెను. మంచము పట్టిన వృద్ధు లెందఱో దీనివలన మరల నడచుచున్నారు. గాయము మానినతోడనే భయము తీఱెనని మన మెంచుదుము. తఱచుగా నది నిజమే. అయినను ఇల్లాండ్రు రెండు చిక్కుల నెఱిఁగియుండవలెనని మే మీమాట వ్రాయుచున్నాము.

కాలికి రక్తము గొనిపోవు పెద్దధమని తుంటికీలునకు ముందే కలదు. కీలుగిన్నెను బిగించిన మరమేకు లోపలికి పొడుచుకొనివచ్చినను, గిన్నె వదులై జరిగినను, ధమనిగోడ క్రమముగా నొరసికొనిపోవును. నెలలకో యేండ్లకో చిల్లిపడి, వెడలిన రక్తము గజ్జలో వాపుగాఁ గానవచ్చును. ఇది మిక్కిలి యరుదు, కాని ప్రాణాపాయకరము. ఆ వాపు చేతిక్రింద నాడివలెఁ గొట్టుకొన్నను, కొట్టుకొనకున్నను, సెగగడ్డ యని తలఁచి పట్టు వేయరాదు, కోయింపరాదు.

రెండవది, సిరలో రక్తము గడ్డకట్టుట. శస్త్రచికిత్సయైన మొదటి మూఁడునెలలలో నిది హెచ్చు. పిక్క వాచి నొప్పిపుట్టును. అత్తగారి కాలు వాచెననఁగానే నూనెగిన్నె యందుకొనుట మన యలవాటు గదా! ఇచట మర్దనము కూడదు. గడ్డ కదలి యూపిరితిత్తులఁ జేరవచ్చును.

పాదము చల్లఁబడి పాలిపోయినను, ఆయాసముగాని ఱొమ్మునొప్పిగాని తోఁచినను, తత్క్షణమే యాసుపత్రికిఁ గొనిపోవలెను. ఎన్ని యేండ్లు గడచినను, తుంటి మార్పించినసంగతి వైద్యునితో మొదటనే చెప్పుఁడు. ఆనాఁటి కాగితములు చూపుఁడు.