గ్రౌండులో పరిగెత్తే పిల్లలకు ఉలవలు అమ్ముదాం

పై వీడియోలో ఉలవ చేను చూసినారు కదా. దానికి నీళ్లు పెట్టలేదు, యూరియా వేయలేదు. శెనక్కాయ విత్తే అదను దాటిపోయాక, ఆలస్యంగా పడిన వానకు చల్లిన పంట అది. వీడియోలో పంట గురించే చెప్పినా, తినేవాళ్ల గురించి చెప్పడానికి టైము చాలలేదు.

మన సరుకు ఎవరు కొంటున్నారు? షుగరు ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, డాక్టరు చెప్పాక భయపడి మారినవాళ్లు. మంచిదే, వాళ్లూ కావాలి. కానీ తెల్లారి ఐదు గంటలకు ఏ ఊరి కాలేజీ గ్రౌండుకైనా పోయి చూడండి. కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం 1600 మీటర్లు పరిగెత్తేవాళ్లు, ఆర్మీకి తయారయ్యేవాళ్లు, కబడ్డీ ఆడే పిల్లలు. బాగా తినే వయసు, తిన్నది అరిగే పని. వాళ్లు మన దగ్గరికి రారు. డబ్బా పౌడరు కొంటారు, కొనలేనివాళ్లు కొనలేకపోయామే అని దిగులుపడతారు.

ఆ పౌడర్లలో ఎక్కువగా ఉండేది వే ప్రొటీన్. చీజ్ చేసేటప్పుడు మిగిలే పాల నీటి నుంచి తీస్తారు. అది విషమని నేను అనను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మాత్రం 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, కండల కోసం ప్రొటీన్ పౌడర్లు వాడొద్దనే చెప్పింది. నా బాధ ఇంకొకటి. ఎక్కడి పాలనో పొడి చేసి, ప్లాస్టిక్ డబ్బాలో నింపి, లారీలెక్కించి తెచ్చుకుంటున్నాం. ఊరి పక్క చేనులో ఉన్నదాన్ని ఎద్దుల దాణా అంటున్నాం.

లెక్క వేద్దాం. 65 కిలోల కుర్రాడు గట్టిగా సాధన చేస్తున్నాడు. కిలో బరువుకు గ్రామున్నర చొప్పున రోజుకు 97, 98 గ్రాముల ప్రొటీన్ అనుకోండి. 100 గ్రాముల ఉలవల్లో సుమారు 22, గుప్పెడు శెనక్కాయ పప్పులో (50 గ్రాములు) 12, 50 గ్రాముల కందిపప్పులో 11, మూడు గుడ్లలో 18, అర లీటరు పాలలో 16, రోజంతా తినే 300 గ్రాముల బియ్యంలో 20 పైనే. అయిపోయింది. ఇందులో టౌనుకు పోయి కొనాల్సింది ఏముంది? గుడ్డు తినని పిల్లలకు ఇంకాస్త పప్పు, పెసలు, పెరుగు పెంచాలి. పాలు పడనివాళ్లకు రాగులు ఉండనే ఉన్నాయి, 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం.

పప్పుల ప్రొటీన్ గుడ్డు ప్రొటీన్ అంత సులువుగా ఒంటికి పట్టదు, నిజమే. అందుకే నానబెట్టి, మొలకెత్తించి, బాగా ఉడికించాలి. అన్నంతోనో సంగటితోనో కలిపి తింటే ఒకదాంట్లో తక్కువైన అమైనో ఆమ్లాలు ఇంకోదాంట్లో దొరుకుతాయి. మన పెద్దోళ్లు సంగటిలోకి ఉలవ కట్టు చేసుకున్నది ఈ లెక్క తెలిసి కాదు గానీ, లెక్క మాత్రం సరిపోయింది.

భూమి వైపు నుంచి చూస్తే ఇంకా తేలిక. ఉలవ వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి పంటకు ఇస్తుంది. ఎండిన కట్టె, పొట్టు పశువులకు మేత. మటన్ రోజూ తినాలనుకునే ఆటగాడికి ఆదివారం ఒక్కరోజు చాలు అని చెప్పండి, మిగిలిన రోజులు గుడ్డు, పప్పు. మేకా గొర్రే నెమరేసేటప్పుడు వదిలే మీథేన్ తక్కువేం కాదు. అసలు తినొద్దంటే ఎవడూ వినడు, వినాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు మనవాళ్లకు ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. జీవామృతం పోసిన ఉలవలో ప్రొటీన్ ఎక్కువ, అది తింటే పరుగు పెరుగుతుంది అని వీడియోల్లో చెప్పడం మానుకుందాం. మన చేతిలో రుజువు లేదు. మందు చల్లలేదు, నేల చెడలేదు, అది చాలు చెప్పుకోడానికి. చిరుధాన్యాలు ఒక్కటే తినమని పరిగెత్తే పిల్లలకు చెప్పడం కూడా తప్పే. పరుగుకు ముందు కడుపునిండా కొర్రన్నం తింటే ఆ పీచుకు కడుపు బరువెక్కి, మూడో రౌండుకే ఆగిపోతాడు. పరుగుకు ముందు అరటిపండు, లేదా ముందుగానే కాస్త తెల్లన్నం. కొర్రలు, ఉలవలు పరుగయ్యాక.

ఇక రేటు. మామూలు మార్కెట్లో కిలో ఉలవలు వంద లోపు దొరుకుతాయి. మనం ఆర్గానిక్ స్టిక్కరు వేసి రెండింతలు చెప్తాం. సిటీ అపార్టుమెంట్లలో ఆ రేటు నడుస్తుంది, హాస్టల్లో గది అద్దె కట్టుకుని చదివే పిల్లోడి దగ్గర నడవదు. పంటకు పెట్టుబడి తక్కువ అని మనమే చెప్తున్నాం కదా, ఆ తక్కువ ధరలో కనపడాలి. నేను కోచింగ్ సెంటర్ల పక్కనున్న మెస్సులకు మార్కెట్ రేటు మీద ఇరవై రూపాయలు మాత్రమే ఎక్కువేసి, 25 కిలోల సంచుల్లో ఇవ్వాలని చూస్తున్నా. పావుకిలో ప్యాకెట్లు, రంగుల కవర్లు లేకపోతే చాలావరకు గిట్టుబాటవుతుంది.

ఒక్క పని మాత్రం మనమే చేసి పంపాలి. ఉలవల్లో మట్టిబెడ్డలు, సన్న రాళ్లు బాగా వస్తాయి. ఇంట్లో అయితే అమ్మ చాటలో చెరిగి ఏరుతుంది. మెస్సులో ఎవరూ ఏరరు, గుగ్గిళ్లలో ఒక్క రాయి పంటికి తగిలిందంటే ఆ పిల్లోడు మళ్లీ ఉలవల జోలికి రాడు. జల్లెడ పట్టి, రాళ్లు తీసే మిషను మీద ఒకసారి ఆడించి, ఆ తర్వాతే సంచి కట్టండి.